గ్యారేజీలో చెక్క పడవ: అపోహలు, వాస్తవాలు

మిషిగన్‌లో ఉంటాం. ఇంటి గ్యారేజీలో ఇప్పటికి రెండు చిన్న పడవలు కట్టాను. అది తెలిసినవాళ్లు అడిగేవి, అనేవి ఇవే.

అపోహ: వడ్రంగి పని బాగా రావాలి.
కాకినాడ దగ్గర తాళ్లరేవులో చెక్క నావలు కట్టేవాళ్ల పనితనం నాకు ఏడు జన్మలెత్తినా రాదు. చిన్న పడవకి అంత అక్కర్లేదు కూడా. ప్లైవుడ్‌ని గీసిన గీత మీద కోసి, అంచుల వెంట కన్నాలు పెట్టి, రాగి తీగతో బట్ట కుట్టినట్టు కుట్టేసి, లోపలి మూలల్లో ఎపాక్సీ (రెజిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) ముద్ద పట్టించి పైన ఫైబర్‌గ్లాస్ గుడ్డ టేపు అతికిస్తే ముక్కలన్నీ ఒకే డొప్ప అయిపోతాయి. 1963లో బ్రిటన్‌లో వచ్చిన మిర్రర్ డింగీ అనే చిన్న తెరచాప పడవ ఇలాంటి కుట్టుడు పడవే, వేలమంది ఇళ్లలోనే కట్టుకున్నారు.

అపోహ: ఎపాక్సీలో హార్డెనర్ ఇంకాస్త పోస్తే తొందరగా గట్టిపడుతుంది.
ఇదేమైనా పాలల్లో తోడా! డబ్బా మీద రెజిన్ రెండు వంతులకి హార్డెనర్ ఒక వంతు అని ఉంటే అంతే పొయ్యాలి. ఎక్కువైన హార్డెనర్‌కి జతకట్టే రెజిన్ దొరక్క అతుకులోనే మిగిలిపోయి మెత్తబరుస్తుంది. ఓ చలికాలం తొందరపడి నేను చేసిన నిర్వాకమే ఇది. రెండు రోజులయ్యాక కూడా గోరు గుచ్చితే దిగింది, మొత్తం గీకి పారేశా. చలిగా ఉంటే హీటర్ పెట్టుకోండి, లేదా ఫాస్ట్ హార్డెనర్ కొనండి. కలిపింది కప్పులో అలాగే వదిలేయొద్దు, తన వేడికి తనే ఉడికి పొగలొస్తుంది. వెడల్పాటి ట్రేలో పరిచేయండి.

అపోహ: మెరైన్ ప్లై (పడవలకి వాడే ప్లైవుడ్) కుళ్లదు.
ఇక్కడ చాలామంది వాడే బీఎస్ 1088 (బ్రిటిష్ ప్రమాణం) ఒకూమే చెక్క ప్లైలో జిగురు నీటికి ఊడదు, లోపల ఖాళీలుండవు. అంతేగానీ చెక్క చెక్కే, తడి చేరితే పుచ్చుతుంది. (ఇండియాలో ఐఎస్ 710 ప్రమాణం ప్లైకి పుచ్చకుండా మందు పట్టిస్తారు, అది వేరే కథ.) కోసిన అంచులకీ స్క్రూ కన్నాలకీ తాగినంత ఎపాక్సీ తాగించండి. పైన పెయింటో, ఎండని ఆపే యూవీ వార్నిషో తప్పదు, ఎపాక్సీ ఎండకి ఆగదు.

అపోహ: రెండు వీకెండ్ల పని.
కుట్టడం వరకూ నిజమే. ఆ సాయంత్రం ఆకారం చూసి మా ఆవిడ కూడా అయిపోయిందనుకుంది. తర్వాత మూడు నెలలు సాండ్‌పేపర్ రుద్దుడే. మాస్కు, గ్లౌజులు లేకుండా మాత్రం మొదలెట్టకండి, ఎపాక్సీ అలర్జీ ఒకసారి పట్టుకుంటే మళ్లీ దాని జోలికి వెళ్లలేరు.

అపోహ: పెద్ద గ్యారేజీ కావాలి.
12 అడుగుల పడవకి ఒక కారు స్థలం చాలు. ఆ కారు మాత్రం చలికాలమంతా బయట మంచులో ఉంటుంది, ఆ సంగతి ఇంట్లో ముందే చెప్పుకోండి.