కొత్త కాంపాక్ట్ పిస్టల్: ‘బ్రేక్-ఇన్’ చుట్టూ అపోహలు, వాస్తవాలు

అమెరికాలో చట్టం ఒప్పుకున్న చోట రోజూ నడుముకి పెట్టుకు తిరిగే చిన్న 9 ఎంఎం పిస్టళ్ల సంగతి ఇది. కొత్త పిస్టల్‌ని నమ్ముకునే ముందు కొన్ని తూటాలు కాల్చి దారికి తేవడాన్నే ‘బ్రేక్-ఇన్’ అంటారు. హెచ్‌-1బి, ఎఫ్‌-1 వీసాల మీద ఉన్న మనవాళ్లు ముందు ఒకటి గుర్తుంచుకోండి: వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, మీ దగ్గర తుపాకీ ఉండటమే ఫెడరల్ నేరం.

అపోహ: 200 రౌండ్లు (తూటాలు) కాలిస్తే ఏ పిస్టలైనా దారికొస్తుంది.

వాస్తవం: కొంతవరకే. కాల్చినప్పుడు వెనక్కి పోయే స్లైడ్‌ని (పిస్టల్ పైభాగం) తిరిగి ముందుకు నెట్టే కొత్త రీకాయిల్ స్ప్రింగ్ బిగువు కాస్త సడలుతుంది, స్లైడ్ జారే పట్టాలు నునుపవుతాయి. కాహ్ర్ కంపెనీ మాన్యువల్ కూడా 200 రౌండ్లు కాల్చేదాకా తన పిస్టల్‌ని నమ్ముకోవద్దనే చెబుతుంది. కానీ మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బా) పైఅంచులు వంకరపోయినా, ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ గుల్లని బయటికి లాగే కొక్కెం) పట్టు సరిగా లేకున్నా వెయ్యి రౌండ్లకీ బాగుపడదు. అందుకే లెక్క రాస్తూ కాల్చండి. మ్యాగజైన్ల మీద మార్కర్‌తో 1, 2, 3 అని వేయండి. జామ్ అయిన ప్రతిసారీ ఎన్నో రౌండు, ఏ మ్యాగజైన్, ఏ తూటా, ఖాళీ గుల్ల ఇరుక్కుందా లేక కొత్త తూటా ఎక్కలేదా రాసుకోండి. ప్రతిసారీ 2వ నంబరు దగ్గరే ఆగుతుంటే పిస్టల్ జోలికి పోకుండా ఆ మ్యాగజైన్ మార్చండి. 200 దాటాక కూడా అన్నిటితో అదే జామ్ వస్తుంటే వారంటీకి పంపాల్సిందే.

అపోహ: జామ్ అయిందంటే తుపాకీదే లోపం.

వాస్తవం: మణికట్టుదీ కావచ్చు. పెద్ద పిస్టల్ గ్లాక్ 17 బారెల్ (గొట్టం) దాదాపు 4.5 అంగుళాలు, చిన్నదైన సిగ్ పీ365ది 3.1. చిన్నదాని స్లైడ్ తేలిక, అది జరిగే దూరం తక్కువ, స్ప్రింగ్ గట్టి. పట్టు వదులైతే ఫ్రేమ్ (పిడి ఉన్న కిందిభాగం) కూడా స్లైడ్‌తోపాటే వెనక్కి పోతుంది. స్లైడ్ పూర్తిగా తెరుచుకోక ఖాళీ గుల్ల బయటపడకుండా ఇరుక్కుంటుంది. అదే పిస్టల్‌ని చేయి తిరిగినవాళ్ల చేత రెండు మ్యాగజైన్లు కాల్పిస్తే తేడా తెలిసిపోతుంది.

అపోహ: రేంజ్‌లో సాధనకి వాడే తూటాలు ఆడితే హాలో పాయింట్లూ (మూతి దగ్గర గుంత ఉన్న తూటాలు) ఆడతాయి.

వాస్తవం: గుండ్రటి మూతి తూటా బారెల్‌లోకి ఎక్కే వాలు (ర్యాంప్) మీద సులువుగా జారుతుంది, వెడల్పు నోరున్నది దానికి తగిలి ఆగిపోవచ్చు. మీరు పెట్టుకు తిరిగే తూటాలే, మీ మ్యాగజైన్లన్నిటితో కలిపి కనీసం 50 ఆగకుండా ఆడాలి. ఖరీదెక్కువే, అయినా ఇక్కడ పొదుపు వద్దు.

అపోహ: నింపి ఉంచితే మ్యాగజైన్ స్ప్రింగ్ పాడవుతుంది.

వాస్తవం: మంచి స్ప్రింగ్‌ని ఎక్కువగా అలసగొట్టేది పదేపదే నింపడం, ఖాళీ చేయడం. అసలు భయపడాల్సింది వేరు: రాత్రి దించిన తూటానే రోజూ పొద్దున ఛాంబర్‌కి (బారెల్ వెనక తూటా కూర్చునే చోటు) ఎక్కిస్తుంటే బుల్లెట్ గుల్లలోకి కుంగి, పేలినప్పుడు పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. కొత్త తూటా పక్కన పెట్టి చూడండి, పొట్టిగా కనిపిస్తే వాడకండి.

అపోహ: నూనె ఎంత పోస్తే అంత మంచిది.

వాస్తవం: పట్టాలకి తలా ఒక చుక్క చాలు. స్ట్రైకర్ (తూటా అడుగున కొట్టే సూది) కదిలే రంధ్రంలో అసలు వద్దు. బట్టల నూగు అక్కడ నూనెతో కలిసి జిగురై, ప్రైమర్ (తూటా అడుగున మందుని రాజేసే భాగం) మీద దెబ్బ బలహీనపడుతుంది.