ఒక్కసారే దొరికిన పురుగు

తొలకరి వాన పడిన సాయంత్రం మన ఊళ్ళలో దీపం చుట్టూ ఉసిళ్ళు ముసురుకుంటాయి. అప్పుడు ఇంట్లో దీపాలన్నీ ఆర్పేసి, వాకిట్లో ఒక్క బల్బు మాత్రం వెలిగించి, దాని కింద వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పోసి పెడతారు. నీళ్ళలో మెరిసే వెలుగు కోసం వచ్చి ఉసిళ్ళు అందులో పడిపోతాయి. తెల్లవారి చూస్తే పళ్ళెం మీద పొరలా రెక్కలు, వాటి మధ్య రెండు మూడు పెంకు పురుగులు, ఒక పచ్చ మిడత, పేరు తెలియని చిన్న చిన్న పురుగులు కొన్ని. అడవిలో కీటకాలను లెక్కించడానికి శాస్త్రవేత్తలు పెట్టే దీపపు ఉచ్చు కూడా ఇంచుమించు ఇదే. కాకపోతే బల్బు వెనక తెల్లగుడ్డ కడతారు, నీళ్ళకు బదులు సీసాలో ఆల్కహాల్ పోస్తారు.

ఇప్పుడు ఆ పళ్ళెం ముందు కూర్చుని, మన ఊళ్ళో ఉన్న పురుగుల జాబితా రాశామనుకోండి. అదే వానకు ఎర్ర పట్టుముక్కల్లా చేలగట్ల మీద పాకే ఆరుద్ర పురుగులు అందులో ఉండవు. వాటికి రెక్కలు లేవు, అవి పగలు తిరుగుతాయి, దీపంతో వాటికి పనే లేదు. పేడ పురుగుల్లో చాలా భాగం ఉండవు. మామిడి చెట్టు బెరడు కింద బతికే వాటిలోనూ చాలా ఉండవు. పళ్ళెం అబద్ధం చెప్పలేదు. తన దగ్గరికి వచ్చిన వాటి సంగతి మాత్రమే చెప్పింది. ఉష్ణమండల అడవుల్లో జీవుల లెక్క గురించి చదివినప్పుడల్లా నాకు ఈ పళ్ళెమే గుర్తొస్తుంది. ఆ లెక్కల్లో కష్టమైన ప్రశ్న ఎన్ని దొరికాయన్నది కాదు, దొరకనివి ఎన్ని అన్నది.

అందుకే కీటకాల వెంట తిరిగేవాళ్ళు ఒక్క ఉచ్చును నమ్ముకోరు. స్వీడన్‌కు చెందిన రెనే మలేజ్ తన ప్రయాణాల్లో ఒక విషయం గమనించారు. గుడారంలోకి దూరిన పురుగులు బయటికి పోవడానికి తెరిచి ఉన్న గుమ్మం వైపు చూడవు. పైకి ఎక్కి, కప్పు మూలలో చేరి అక్కడే కొట్టుకుంటాయి. ఆ మూలనే ఒక రంధ్రం చేసి సీసా తగిలిస్తే సరిపోతుంది కదా అనుకున్నారు. 1934లో బర్మా యాత్రలో అలాంటి గుడారాలు వాడి చూశారు, 1937లో ఆ పద్ధతిని ప్రచురించారు. ఈనాటికీ ప్రపంచమంతటా అడవుల్లో కనిపించే మలేజ్ ఉచ్చు అదే. ఈగలు, కందిరీగల జాతి పురుగులు దానికి బాగా చిక్కుతాయి. తాకగానే కాళ్ళు ముడుచుకుని కిందికి రాలిపోయే పెంకు పురుగులు అంతగా చిక్కవు.

నేల మీది లోకానికి వేరే పనిముట్టు కావాలి. అడవిలో ఒక చదరపు మీటరు కొలుచుకుని, అక్కడ రాలిన ఆకుల్ని మట్టితో సహా చేతులతో తీసి జల్లెడ పడతారు. మనం పిండి జల్లించినట్టే, కానీ ఇక్కడ పైన మిగిలేది పారేసి కిందికి రాలినదే దాచుకుంటారు. ఆ పొడిని వల సంచిలో పోసి, ఆ సంచిని కింద సన్నబడే గుడ్డ గొట్టంలో వేలాడదీస్తారు. గొట్టం అడుగున ఆల్కహాల్ గిన్నె ఉంటుంది. ఇక చేయాల్సిందేమీ లేదు. మెల్లగా తేమ ఆరిపోతుంది. తడి లేనిదే బతకలేని చీమలు, చిన్న పెంకు పురుగులు, నకిలీ తేళ్ళు చోటు వెతుక్కుంటూ కిందికి కిందికి దిగి, ఒక్కొక్కటే గిన్నెలో పడతాయి. రెండు రోజుల తర్వాత గిన్నె అడుగున నల్లటి ఇసుకలాంటిది కనిపిస్తుంది. భూతద్దం పెడితే ఆ ఇసుక రేణువులకు కాళ్ళూ మీసాలూ ఉంటాయి.

మిగిలింది చెట్ల కొనలు. నలభై మీటర్ల ఎత్తున ఆకులు, పూలు, కాయలు అక్కడే ఉంటాయి, తినేవాళ్ళూ అక్కడే ఉంటారు. అమెరికా శాస్త్రవేత్త టెర్రీ ఎర్విన్ పనామా అడవిలో ఒకే జాతికి చెందిన 19 చెట్లను ఎంచుకుని, మూడు రుతువుల్లో వాటి కొమ్మల్లోకి పురుగుమందు పొగ వదిలారు. కింద పరిచిన గరాటుల్లోకి పురుగులు వానలా రాలాయి. ఆయన పెంకు పురుగుల్ని వేరు చేసి చూస్తే, ముక్కు పురుగుల్ని పక్కన పెట్టినా, 955కు పైగా జాతులు తేలాయి. ఒక్క చెట్టు జాతి మీద ఇన్ని!

అప్పుడు ఆయన రెండు పేజీల వ్యాసంలో ఒక లెక్క వేశారు. అది 1982లో వచ్చింది. ఆ పెంకు పురుగుల్లో దాదాపు 163 జాతులు ఆ చెట్టును తప్ప వేరే చెట్టును ఆశ్రయించవని అనుకున్నారు. ఉష్ణమండలంలో చెట్టు జాతులు సుమారు 50,000. రెండూ గుణిస్తే 81 లక్షల 50 వేల పెంకు పురుగు జాతులు. కీళ్ళకాళ్ళ జీవుల్లో, అంటే కీటకాలు, సాలెపురుగులు వగైరాల్లో, పెంకు పురుగులు నూటికి నలభై అనుకుంటే చెట్ల మీద రెండు కోట్లు. నేల మీదివి అందులో సగం కలిపితే మూడు కోట్ల జాతులు. అప్పటికి సైన్సు పేరు పెట్టిన జీవజాతులన్నీ కలిపినా పదిహేను లక్షలు అనుకునే రోజులవి. ఆ రెండు పేజీలు ఒక తరం జీవశాస్త్రజ్ఞులను కుదిపేశాయి.

లెక్కలో బలహీనమైన మెట్టు ఎక్కడుందో మీరు పసిగట్టే ఉంటారు. ఒక చెట్టు పురుగు ఇంకో చెట్టుకు పోదన్నది ఊహ. దాన్ని పరీక్షించాలంటే పొగ పెట్టి చంపితే కుదరదు. ఏ పురుగు ఏ ఆకు తింటుందో బతికుండగా చూడాలి. పాపువా న్యూగినీలో వొయ్‌టెక్ నొవొట్నీ బృందం అదే చేసింది. అక్కడి గ్రామస్తులకు శిక్షణ ఇచ్చి, గొంగళి పురుగుల్ని తెప్పించి, ఆకు పెట్టి, తిన్నదీ లేనిదీ రాసుకున్నారు. 51 రకాల మొక్కల మీద 900కు పైగా ఆకుతినే కీటక జాతుల్ని పరిశీలించి, చాలా పురుగులు దగ్గరి బంధువులైన మొక్కల్ని కలిపి తింటాయని తేల్చారు. 2002లో వాళ్ళు ఇచ్చిన అంచనా 40 నుంచి 60 లక్షలు. మూడు కోట్లు అంతకు దిగాయి. ఎర్విన్ తప్పు చేశారని నేను అనను. ఎక్కడ పరీక్షించాలో అందరికీ కనిపించేలా లెక్కను విప్పి పెట్టారు. ఆయన పెద్ద సాయం అదే.

అసలు ఒక అడవిని పూర్తిగా లెక్కపెట్టగలమా? పనామాలోనే శాన్ లొరెంజో అడవిలో 2003, 2004ల్లో ఆ ప్రయత్నం జరిగింది. 102 మంది పరిశోధకులు క్రేనుల మీద, బెలూన్ల మీద చెట్ల కొనలకు వెళ్ళారు, నేల తవ్వారు, పొగ పెట్టారు, ఆకులు జల్లెడ పట్టారు. పది రకాలకు పైగా పద్ధతులు వాడారు. ఇంతా చేసి వాళ్ళు వెతికిన నేల 0.48 హెక్టారు. మన లెక్కలో ఎకరా ఇరవై సెంట్లకు లోపే. అందులో దొరికినవి 1,29,494 కీళ్ళకాళ్ళ జీవులు, 6,144 జాతులు. వాటిని వేరు చేసి ప్రచురించేసరికి 2012 వచ్చింది. 6,000 హెక్టార్ల మొత్తం అడవిలో దాదాపు 25,000 జాతులు ఉంటాయని వారి అంచనా. అక్కడ ఒక్కో క్షీరద జాతికి మూడు వందలకు పైగా కీళ్ళకాళ్ళ జాతులన్నమాట. అడవికి వెళ్ళి పులి కనిపించలేదని నిరాశపడి తిరిగి వచ్చేవాళ్ళకు ఈ ఒక్క సంఖ్య చెప్పాలనిపిస్తుంది.

6,144 నుంచి 25,000కు ఎలా వెళ్ళారు? ఇలాంటి అంచనాల కథ మలయా అడవుల్లో ఒక వల పట్టుకున్న మనిషితో మొదలవుతుంది. స్టీవెన్ కార్బెట్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త రెండేళ్ళ పాటు అక్కడ సీతాకోకచిలుకల్ని పట్టారు. దాదాపు 620 జాతులు వచ్చాయి. అందులో 118 జాతులు ఒక్కొక్కటే దొరికాయి. రెండేసి దొరికినవి 74, మూడేసి 44, నాలుగేసి 24. ఇంకో రెండేళ్ళు పడితే కొత్త జాతులు ఎన్ని వస్తాయని ఆయన ప్రశ్న. దాన్ని తీసుకెళ్ళి రోనాల్డ్ ఫిషర్ ముందు పెట్టారు. గణాంకశాస్త్రంలో మహానుభావుడు ఆయన. విశాఖలో చదువుకున్న మన సి. ఆర్. రావుకు కేంబ్రిడ్జిలో గురువు కూడా. 1943లో ఆ జవాబు అచ్చయింది. 75 వరకు రావచ్చు.

చూడని వాటిని ఎలా లెక్కించగలిగారు? తర్వాత 1956లో గుడ్, టౌల్మిన్ అనే ఇద్దరు పరిశోధకులు చూపిన దారిలో చూస్తే చాలా తేలిక. మొదటి రెండేళ్ళలో ఒక్కసారి చిక్కి, తర్వాతి రెండేళ్ళలో అసలు చిక్కని జాతులు కొన్ని ఉంటాయి. అదే విధంగా మొదట అసలు చిక్కకుండా తర్వాత ఒక్కసారి చిక్కేవీ ఇంచుమించు అన్నే ఉండాలి. ఏ రెండేళ్ళు ముందు వచ్చాయన్నది సీతాకోకచిలుకలకు తెలియదు కదా! ఈ తర్కాన్ని చివరిదాకా లాగితే 118లోంచి 74 తీసేయాలి, 44 కలపాలి, 24 తీసేయాలి... ఇలా పోతే 75 దగ్గర తేలుతుంది. పెన్ను తీసుకుని మొదటి నాలుగూ వేసి చూడండి, 64 వస్తుంది. మిగతా మెట్లు దాన్ని 75కు చేరుస్తాయి.

అంటే ఒక్కసారే దొరికిన పురుగు చూడని పురుగులకు సాక్షి. కొత్తగా సర్వేకు వెళ్ళిన విద్యార్థికి అది చికాకు తెప్పిస్తుంది. ఒకటే ఉంది, రెక్క విరిగింది, దేనితో పోల్చాలో తెలియదు, పారేద్దామా అనిపిస్తుంది. కానీ ఉష్ణమండల కీటక సర్వేల్ని కలిపి చూసినప్పుడు సగటున నూటికి 32 జాతులు ఇలా ఒంటరిగా దొరికినవే. వాటిని పారేస్తే అడవిలో మూడో వంతును, దానితోపాటు కనిపించని భాగానికి దారినీ పారేసినట్టే. పైగా ఒకటి అనుకున్నది ఒకటి కాకపోవచ్చు. కోస్టారికాలో ఒకే సీతాకోకచిలుకగా పేరున్న దాని డీఎన్‌ఏ 2004లో చూస్తే పది జాతులు బయటపడ్డాయి. పెద్దవన్నీ ఒకేలా ఉన్నాయి, వాటి గొంగళి పురుగుల రంగులూ తిండీ మాత్రం వేరు.

పెద్ద జంతువుల దగ్గర ఈ పని కొంత నయం. పులి చారలు మన వేలిముద్రల్లాంటివి, కెమెరా ముందు నుంచి రెండోసారి వెళ్తే గుర్తుపట్టవచ్చు. 2018 పులుల లెక్కకు దేశంలో 26,838 చోట్ల కెమెరాలు పెడితే 3 కోట్ల 48 లక్షల ఫొటోలు వచ్చాయి. వాటిలో పులులున్నవి 76,651. ఒక్క జంతువు కోసం అంత శ్రమ పడగలిగాం, అది గర్వించదగ్గ పనే. కడప జిల్లా లంకమల పొదల్లో కలివికోడి కోసం మరో ఉపాయం చేశారు. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిందనుకున్న పక్షి 1986లో అక్కడ మళ్ళీ దొరికింది. అది రాత్రిపూట తిరుగుతుంది. అందుకని పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, పొద్దున్నే వెళ్ళి అడుగుల గుర్తులు వెతికేవారు. పక్షి కనిపించనక్కర్లేదు, నడిచి వెళ్తే చాలు.

ఒంటరి నమూనాల్లో నాకు బాగా ఇష్టమైనది మన గడ్డ మీదిదే. అనంతపురం జిల్లా గుత్తిలో, రైల్వే కలప నిలవచేసే చోట, ఒక పెద్ద నీలం సాలీడు దొరికింది. 1899లో పోకాక్ అనే శాస్త్రవేత్త దానికి పేరు పెట్టారు. లోహంలా మెరిసే నీలం, కాళ్ళ మీద పసుపు మచ్చలు. ఆ నీలం రంగు పదార్థం వల్ల వచ్చింది కాదు, వెంట్రుకల్లోని అతి సూక్ష్మమైన పొరలు వెలుగును విరిచి చూపేది. ఆ తర్వాత వందేళ్ళు దాని జాడ లేదు. గుత్తి చుట్టూ వెతికితే దొరికేదీ కాదు. అది బహుశా దుంగలతో పాటు రైలెక్కి వచ్చింది. 2001లో సుమారు వంద కిలోమీటర్ల తూర్పున, నంద్యాలకూ గిద్దలూరుకూ మధ్య నల్లమల అడవిలో, పాత చెట్ల తొర్రల్లో అది మళ్ళీ కనిపించింది. అప్పటి వరకు, 102 ఏళ్ళ పాటు, సైన్సు పుస్తకాల్లో ఆ జాతి లెక్క ఒకటి. ఆ ఒకటి పక్కన రాసి ఉన్న ఊరు కూడా అది బతికిన ఊరు కాదు.