చొక్కా తడపని చెమట

తిరుపతి

పిల్లలూ,

పోయిన ఆదివారం మీ చిన్నాయన ఫోన్‌లో తన కథంతా చెప్పినాక మీరందరూ హెలికాప్టర్ గురించే అడిగారు. అది ఎంత పెద్దది, తాడు కట్టి లాగారా అని. చిన్నపాప మాత్రం వేరే అడిగింది. "తాతా, చిన్నాయన నాలుగు లీటర్ల నీళ్ళు తాగినాడంట. చొక్కా తడవనే లేదంట. మరి ఆ నీళ్ళన్నీ ఎక్కడికి పోయినాయి?" ఇది ఫోన్‌లో రెండు ముక్కల్లో తేల్చే ప్రశ్న కాదు. అందుకే ఉత్తరం రాస్తున్నా.

కొండ ఎక్కడమంటే మీకు తెలిసింది అలిపిరి దారి. 3,550 మెట్లు, నెత్తిన నీడ, ఆగిన చోటల్లా మంచినీళ్ళు, ముందూ వెనకా గోవిందలు. చిన్నాయన పోయింది అలాంటి కొండకు కాదు. అమెరికాలో ఫీనిక్స్ అనే ఊరికి తూర్పున ఉండే సూపర్‌స్టిషన్ కొండలకు. అదంతా సొనోరా ఎడారి. ఎడారి అనగానే ఇసుక దిబ్బలు, ఒంటెలు అనుకోకండి. అక్కడ ఉండేది రాళ్ళు, ముళ్ళ పొదలు, నలభై అడుగుల దాకా పెరిగే సాగ్వారో అనే జెముడు. ఏడాది మొత్తానికి ఫీనిక్స్‌లో పడే వాన ఏడెనిమిది అంగుళాలు. 2021 నవంబరులో మన వీధులు మునిగాయే, ఆ ఒక్క నెలలో మనకు పడింది అంతకంటే చాలా ఎక్కువ.

ఒక్కడే పోయాడు. చీకటితోనే ఎక్కి, ఎండ ముదిరేలోపు దిగిపోవాలని లెక్క. దిగేటప్పుడు దారి తప్పి ఎండిన వాగులోకి దిగాడు. మళ్ళీ పైకెక్కి దారి పట్టుకునేసరికి పొద్దు నడినెత్తికి వస్తోంది. ఎండ నలభై డిగ్రీలు. సిగ్నల్ లేదు. పిక్కలు పట్టేశాయి, కడుపులో తిప్పింది. బండ నీడలో కూలబడినవాడు మళ్ళీ లేవలేకపోయాడు. అంతవరకూ వాడికి ఏ అనుమానమూ రాలేదంట. చెమట పట్టలేదు కదా, బాగానే ఉన్నానులే అనుకున్నాడంట. చొక్కా మీద మాత్రం తెల్లటి చారలు కట్టాయి.

ఇప్పుడు లేచి మన వసారాలోని మట్టికుండ దగ్గరికి పోండి. ఆ మట్టికి కంటికి కనపడని సన్న రంధ్రాలుంటాయి. లోపలి నీరు వాటిగుండా బయటికి ఊరి, గాలికి ఆరిపోతుంది. నీరు ఆవిరి కావాలంటే వేడి కావాలి. ఆ వేడిని కుండ నుంచే లాక్కుంటుంది. అందుకే మిగిలిన నీళ్ళు చల్లబడతాయి. మన ఒళ్ళు కూడా కుండే. లోపల ఎప్పుడూ 37 డిగ్రీల దగ్గర ఉండాలి. బయట గాలి అంతకంటే వేడెక్కిందంటే అది మనల్ని చల్లబరచదు, ఇంకా కాలుస్తుంది. అప్పుడు ఒంటికి మిగిలేది చెమట ఒక్కటే.

కుండ సంగతి ఇంకొంచెం వినండి. చెన్నైలో మీ పెద్దమ్మ ఇంట్లో కుండ ఒళ్ళంతా చెమ్మగా ఉంటుంది, కింద పళ్ళెంలో నీళ్ళు నిలుస్తాయి, అయినా తాగితే అంత చల్లగా ఉండవు. అక్కడ గాలిలోనే తేమ ఎక్కువ, ఊరిన నీరు తొందరగా ఆరదు. అదే కుండను అనంతపురం వేడిగాలిలో పెట్టండి. కింద నేల పొడిగానే ఉంటుంది. కానీ సాయంత్రానికి కుండలో నీళ్ళు దిగిపోయి ఉంటాయి, మిగిలినవి చల్లగా ఉంటాయి. మీ చిన్నాయన ఆ రెండో కుండ. ఫీనిక్స్‌లో ఎండాకాలం మధ్యాహ్నం గాలిలో తేమ చాలా రోజులు పది, పదిహేను శాతం దగ్గరే ఉంటుంది. చెమట ఊరిన చోటే ఆరిపోతుంది, చొక్కా దాకా రాదు. ఎండలో కొండ ఎక్కే మనిషికి గంటకు లీటరు చెమట పోవడం పెద్ద విశేషం కాదు. పాపా, నువ్వడిగిన నీళ్ళు అట్లా గాలిలో కలిసిపోయాయి.

మరి ఆ తెల్ల చారలు? పాత కుండ పైన తెల్లటి పొర కడుతుంది, గోటితో గీకితే రాలుతుంది. నీరు ఆవిరైపోతుంది, దాంట్లోని ఉప్పు మిగిలిపోతుంది. చొక్కా మీదిదీ అదే. కుండకు ఉప్పు పోతే వచ్చే నష్టమేమీ లేదు, మనిషికి మాత్రం ప్రాణం మీదికొస్తుంది. మీ చిన్నాయన ఏమీ తినకుండా ఉత్త నీళ్ళే తాగుతూ పోయాడు. నెత్తుట్లో ఉప్పు పలచబడిపోయిందని ఆస్పత్రిలో చెప్పారంట.

మా చిన్నప్పుడు చంద్రగిరి పక్కన మా పల్లెలో, ఎండాకాలం సెలవులొస్తే మేకలు తోలుకుని గుట్టలకు పోయేవాళ్ళం. ఈత పళ్ళు, కలేకాయలు, తేనెపట్టు వేట. పొద్దున్నే మా అవ్వ సొరకాయ బుర్రలో రాగి అంబలి పోసి, మజ్జిగ కలిపి, ఉప్పు గట్టిగా వేసి, ఒక ఎర్రగడ్డ చేతిలో పెట్టేది. ఉప్పెక్కువైందని మూతి ముడిస్తే, "గుట్ట దిగినాక చెప్పురా" అనేది. సాయంత్రం వచ్చి బుర్రలో మిగిలిన ఆ అంబలే గటగటా తాగేవాణ్ణి. అప్పుడు ఉప్పు తెలిసేదే కాదు. అవ్వ బడి మొహం చూడలేదు, అయినా ఆమెకు తెలియాల్సింది తెలుసు.

గడప దాటేముందు మూడు మాటలు అడిగేది. ఏ గుట్టకు? ఎవరితో? పొద్దు ఎక్కడుండగా వస్తావు? జవాబు చెప్పందే బుర్ర చేతికిచ్చేది కాదు. చిన్నాయనను బతికించింది కూడా ఆ అలవాటే. ఏ దారిన ఎక్కుతున్నాడో పిన్నమ్మకు రాసిపెట్టి పోయాడు. ఒంటిగంటలోపు నా ఫోన్ రాకపోతే 911కి, అంటే అక్కడ ఆపదలో పిలిచే నంబరుకు, చెప్పు అన్నాడు. ఆమె ఒంటిగంట దాటగానే చెప్పింది. మీరడిగిన హెలికాప్టర్ వచ్చింది అట్లానే. మీరు పెద్దయ్యాక ఎన్ని కొండలైనా ఎక్కండి, నాకు సంతోషమే. చెప్పకుండా పోవడం మాత్రం ధైర్యం అనిపించుకోదు.

మన ఒంటి మీద ఇరవై నుంచి నలభై లక్షల దాకా స్వేద గ్రంథులుంటాయి. మీరు ఆడుకుంటున్నా, నిద్రపోతున్నా, లోపలి వేడిని కనిపెట్టుకుని మెదడు వాటికి పని చెబుతూనే ఉంటుంది. ఎట్లా అన్నది మీ సైన్సు సారును అడగండి, బొమ్మ గీసి చూపిస్తారు. నాకైతే తలచుకున్నప్పుడల్లా ఆశ్చర్యమే.

మీరు చేయాల్సిన పని ఒకటుంది. రేపు పొద్దున కుండకూ, దాని పక్కనే ఒక స్టీలు బిందెకూ నీళ్ళు పోసి మూతలు పెట్టండి. ఒక ఈనుపుల్ల ముంచి తడి ఎంతవరకు వచ్చిందో గుర్తు పెట్టండి. సాయంత్రం దాకా ఎవరూ ముంచుకోకూడదు, అమ్మకు ముందే చెప్పండి. తర్వాత రెండింట్లోనూ మళ్ళీ ముంచి చూడండి. కుండ కింద నేల తడిసిందో లేదో తడిమి చూడటం మరిచిపోవద్దు. మబ్బు పట్టి ఉక్కపోసిన రోజు ఇంకోసారి చేయండి. లెక్క చిన్నపాప రాస్తుంది, మిగతావాళ్ళు పుల్ల పట్టుకోండి. రాసిన కాగితం నాకు పంపండి.

మీ తాత