స్పృహ తప్పలేదుగా, ఆడనివ్వండి సార్! తల దెబ్బల మీద అపోహలు - వాస్తవాలు

టీమ్ ఫిజియోగా బౌండరీ లైన్ దగ్గర నిలబడితే నాకు ఎక్కువగా వినపడే మాట ఇదే, నాకు అన్నిటికన్నా భయం వేసే అపోహ కూడా ఇదే. కంకషన్ (దెబ్బకి తల లోపల మెదడు కుదుపుకి గురై దాని పని తాత్కాలికంగా దెబ్బతినడం) అయినవాళ్లలో స్పృహ తప్పేది సుమారు 10 శాతం మందే. మిగతావాళ్లు లేచి నిలబడి, బాగానే ఉన్నా అని చెయ్యి ఊపేస్తారు, కానీ కాస్త గమనిస్తే మాట ఆలస్యంగా వస్తుంటుంది, అడిగిందే మళ్లీ అడుగుతుంటారు, తన పొజిషన్ వదిలేసి ఇంకెక్కడో నిలబడతారు.

అందుకే మేం "ఎలా ఉంది" అని అడిగి ఊరుకోం. ఇది ఏ గ్రౌండ్, ఫస్ట్ హాఫా సెకండ్ హాఫా, లాస్ట్ గోల్ ఎవరు కొట్టారు, పోయిన మ్యాచ్ ఎవరితో ఆడాం, గెలిచామా? ఒక్కదానికి తడబడినా ఆ రోజుకి బయటే. అన్నీ కరెక్ట్‌గా చెప్పినా సరే, నాకు అనుమానం ఉంటే లోపలికి పంపను, కోచ్ ఎంత అరిచినా.

"హెల్మెట్ ఉందిగా" అంటారు. హెల్మెట్ పుర్రె పగలకుండా చూస్తుంది, తల ఒక్కసారిగా విసురుగా తిరిగితే లోపల మెదడు కుదుపుకి గురవడాన్ని ఆపలేదు. 2019 లార్డ్స్ టెస్టులో హెల్మెట్ పెట్టుకునే ఉన్న ఆస్ట్రేలియా బ్యాటర్ స్టీవ్ స్మిత్‌కి ఇంగ్లండ్ బౌలర్ ఆర్చర్ బౌన్సర్ మెడ దగ్గర తగిలింది, కంకషన్ పరీక్షలు చేశారు, పాసయ్యాడు, మళ్లీ వచ్చి బ్యాటింగ్ కూడా చేశాడు. లక్షణాలు మర్నాడు బయటపడ్డాయి! సహచరుడు లబుషేన్ అతని బదులు దిగింది అలాగే, టెస్టుల్లో మొదటి కంకషన్ సబ్‌స్టిట్యూట్‌గా.

సీటీ స్కాన్ నార్మల్ వస్తే కంకషన్ లేనట్టు కాదు. స్కాన్ తీసేది రక్తస్రావం, ఫ్రాక్చర్ ఉన్నాయేమో చూడ్డానికి, కంకషన్ అందులో మామూలుగా కనపడదు.

నిద్రపోనివ్వకూడదు, చీకటి గదిలో వారాలు పడుకోబెట్టాలి, ఇవి రెండూ పాత మాటలే. డాక్టర్ చూసి ప్రమాదం లేదన్నాక హాయిగా నిద్రపోవచ్చు. మొదటి 24-48 గంటలు ఫోన్ తగ్గించి రెస్ట్ తీసుకుని, తర్వాత మెల్లగా నడక మొదలుపెట్టడమే మంచిది. ఆటలోకి మాత్రం మెట్టు మెట్టుగా రావాలి, తేలికపాటి ఎక్సర్‌సైజ్, తర్వాత ఒంటరిగా డ్రిల్స్, డాక్టర్ ఓకే అన్నాకే కాంటాక్ట్ (ఒకరినొకరు ఢీకొనే) ప్రాక్టీస్, ఒక్కో మెట్టుకి కనీసం ఒక రోజు. పిల్లలకైతే ఇంకా టైమ్ పడుతుంది, నాలుగు వారాలు పట్టినా కంగారు పడక్కర్లేదు. తొందరపెట్టొద్దని తల్లిదండ్రులని బతిమాలుతుంటాను నేను, ఎందుకంటే మొదటి దెబ్బ మానకుండా రెండోది తగిలితే అరుదుగానైనా మెదడు వాచిపోయి ప్రాణం పోతుంది, అది ఎక్కువగా చూసేది టీనేజ్ పిల్లల్లోనే.

తలనొప్పి పెరుగుతూ పోతున్నా, వాంతులు మళ్లీ మళ్లీ అవుతున్నా, ఫిట్స్ వచ్చినా, రెండు రెండుగా కనపడుతున్నా, చెయ్యి కాలు పట్టు తప్పినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మెడ నొప్పి అంటే మాత్రం అంబులెన్స్ వచ్చేదాకా కదపొద్దు, హెల్మెట్ కూడా లాగొద్దు.