వెండి డాలరు మీద ఆకుపచ్చ రంగు ఎక్కడి నుంచి వచ్చింది?

డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న పాఠకుడొకరు సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు రెండు వెండి నాణేలు తెచ్చి నా చేతిలో పెట్టారు. రెండూ మోర్గాన్ డాలర్లే, రెండింటి మీదా నెమలి కంఠం లాంటి రంగులు. "ఇవి వాటంతట అవే వచ్చాయా, ఎవరైనా తెప్పించారా? ఎలా తెలుస్తుందండీ?" అని అడిగారు. తెల్లగా మెరిసే నాణేనికి ఇచ్చేదానికన్నా బాగా ఎక్కువే పెట్టి కొన్నారట. వారం రోజులు ఆ నాణేలు నా టేబుల్ మీదే ఉన్నాయి. వేరే పని మీద మనసు పోలేదు.

మోర్గాన్ డాలరును అమెరికా 1878 నుంచి 1904 దాకా, మళ్లీ 1921లో ముద్రించింది. బరువు 26.73 గ్రాములు. నూటికి 90 పాళ్లు వెండి, 10 పాళ్లు రాగి. కోట్ల కొద్దీ డాలర్లు జనం చేతుల్లోకి రాకుండా, సంచికి వెయ్యి చొప్పున కాన్వాస్ సంచుల్లో ఖజానాలోనే దశాబ్దాలు ఉండిపోయాయి. 1962 చివర్లో పాత సంచులు పెద్ద ఎత్తున బయటికి రావడం మొదలైంది. 1964 మార్చిలో ట్రెజరీ వెండి డాలర్లు ఇవ్వడం ఆపేసింది. మనకు ముఖ్యమైంది ఆ సంచి. గుడ్డకు ఆనుకుని ఉన్న నాణేలకు రంగెక్కింది, గుట్ట మధ్యలో ఉన్నవి చాలావరకు తెల్లగానే మిగిలాయి. సేకరించేవాళ్లు ఈ రంగెక్కడాన్ని టోనింగ్ అంటారు.

మన ఇళ్లలో పట్టీలు నల్లబడటం, ఈ టోనింగ్ ఒకే కుటుంబం. పాప పట్టీలు నల్లబడితే దిష్టి తగిలిందనో, ఒంట్లో వేడి చేసిందనో అంటారు. అలా అనుకుని బిడ్డకు జ్వరం చూసిన తల్లులు నాకు తెలుసు. పట్టీలకు తగిలింది గంధకం. గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గంధకపు వాయువు మన ముక్కుకు వాసన తెలియనంత కొంచెం ఉన్నా చాలు, వెండి దాన్ని పట్టుకుని పైన సిల్వర్ సల్ఫైడ్ పొర కట్టుకుంటుంది. చెమట, కోడిగుడ్డు, కొన్ని రకాల కాగితం, అట్ట, రబ్బరు, ఉన్ని, అన్నిటి నుంచీ ఆ గంధకం రావచ్చు.

సిల్వర్ సల్ఫైడ్ ముద్దగా ఉంటే నల్లగా ఉంటుంది. మరి నాణెం మీద పసుపు, వంకాయ రంగు, నీలం, పచ్చ ఎక్కడివి? వాటిలో ఏదీ రంగు పదార్థం కాదు. అన్నీ పొర మందం వల్ల పుట్టినవే. వాన పడ్డ రోడ్డు మీద పెట్రోలు చుక్కలో కనిపించేవి కూడా ఇలాంటివే.

కోలాటం అనుకోండి. నాణెం మీద పడిన కాంతిలో కొంత పొర పైనుంచే వెనక్కి తిరుగుతుంది. మిగతాది పొరలోకి దిగి, అడుగున ఉన్న వెండిని తాకి, పైకొచ్చి మొదటిదాన్ని కలుస్తుంది. రెండో జట్టు కొంచెం ఎక్కువ దూరం తిరిగొచ్చింది. అడుగులు కలిస్తే కర్రకు కర్ర తగులుతుంది, ఆ రంగు గట్టిగా కనిపిస్తుంది. సరిగ్గా అర అడుగు తేడా పడితే కర్ర గాలిలో పోతుంది, ఆ రంగు మాయమవుతుంది. కాంతికి అడుగంటే దాని అల పొడవు. నీలానివి చిన్న అడుగులు, ఎరుపువి పెద్ద అడుగులు, పచ్చవి మధ్యస్థం.

పొర సన్నగా మొదలై మెల్లగా పెరుగుతోంది. అర అడుగు తేడా ముందుగా ఎవరికి పడుతుంది? చిన్న అడుగుల నీలానికి. తెలుపులోంచి నీలం పోతే మిగిలేది పసుపు, అందుకే టోనింగ్ ఎప్పుడూ లేత తేనె రంగుతో మొదలవుతుంది. పొర ఇంకాస్త పెరిగితే పచ్చ తప్పుతుంది, ఎరుపూ నీలమూ మిగిలి వంకాయ రంగు వస్తుంది. ఆ తర్వాత ఎరుపు తప్పి నీలం మిగులుతుంది. ఇంకా పెరిగితే తప్పేది కంటికి కనిపించని పరారుణం వైపు వెళ్లిపోతుంది, నాణెం ఒక్కసారి వెలిసిపోయినట్టు లేతగా అవుతుంది. ఇక్కడికి మొదటి చుట్టు అయిపోయింది. రెండో చుట్టులో నీలం ఒకటిన్నర అడుగు తేడాతో మళ్లీ తప్పుతుంది, మళ్లీ పసుపు. తర్వాత పచ్చ తప్పి మళ్లీ గులాబీ.

ఇంతవరకు పచ్చ రాలేదు చూశారా! పచ్చ కనిపించాలంటే దానికి అటూ ఇటూ ఉన్న ఎరుపూ ఊదా ఒకేసారి తప్పాలి. అదనపు దారి 1050 నానోమీటర్లు అనుకుందాం. ఎరుపు అడుగు 700, అంటే సరిగ్గా ఒకటిన్నర అడుగు, తప్పింది. ఊదా అడుగు 420, అంటే సరిగ్గా రెండున్నర, అదీ తప్పింది. మధ్యలో పచ్చ అడుగు 525. సరిగ్గా రెండు! కర్రకు కర్ర తగిలింది. (వెండి తలం దగ్గర వచ్చే చిన్న సవరణలు పక్కన పెట్టాను. పొర లోపల అడుగులన్నీ పొట్టివవుతాయి గానీ వరుస మారదు.) మొదటి పసుపుకు ఇలాంటి దారి 225 దగ్గర చాలు. అంటే పచ్చకు కావలసిన పొర మొదటి పసుపు పొరకు నాలుగైదు రెట్లు మందం.

ఈ రంగుల వరుసను న్యూటన్ 300 ఏళ్ల కిందటే అద్దాల మధ్య చిక్కిన గాలి పొరలో చూసి రాసిపెట్టాడు. అడుగు తప్పడం అన్న వివరణ 1800 దాటాక థామస్ యంగ్ ఇచ్చాడు. మనం డిగ్రీ క్లాసులో వ్యతికరణం పేరుతో 'రెండు మ్యూ టి కాస్ ఆర్' అని బోర్డు మీద రాసి, మార్కులు వేసి వదిలేస్తాం. ఒక్క రంగెక్కిన నాణెం పిల్లల చేతికిస్తే ఆ సూత్రం జన్మలో మర్చిపోరు.

ఇప్పుడు మొదటి నాణెం. 1881, వెనక పుష్పమాల కింద చిన్న 'ఎస్', అంటే శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల. పది రెట్ల భూతద్దం పెట్టి కిటికీ వెలుగులో చూశాను. నాణెం మీదున్న లిబర్టీ (స్వేచ్ఛాదేవి) చెంప తెల్లగా ఉంది. అక్కడి నుంచి ఎడమ అంచు వైపు జరుగుతుంటే లేత తేనె, వంకాయ, నీలం, వెలిసిన లేత రంగు, పసుపు, గులాబీ, చివర అంచు మీద గోరంత పచ్చ. ఒక్క మెట్టు కూడా దాటవేయలేదు. తెలుపుకూ రంగుకూ మధ్య గీత నెలవంకలా వంగి ఉంది. ఇంకో డాలరు అంచు అక్కడ ఆనుకుని, తన కింద ఉన్న భాగాన్ని గాలి తగలకుండా కాపాడిందన్నమాట. నీలం ఉన్న చోట సన్నటి అడ్డగీతలు, నిలువుగీతలు. అది గుడ్డ నేత! ప్రతి నక్షత్రం చుట్టూ వెంట్రుకవాసి మేర రంగు తక్కువ. బిగుతుగా ఉన్న గుడ్డ పొడుచుకొచ్చిన నక్షత్రం మీద ఎత్తుగా నిలబడి, దాని మొదలు దగ్గర నాణేనికి ఆనలేదు. నాణేన్ని వంచి తిప్పితే కొత్త నాణెపు మెరుపు బండిచక్రం ఆకుల్లా గిర్రున తిరుగుతూ ఆ రంగులన్నిటి గుండా సాగింది. పొర ఎంత సన్నదంటే కింద లోహపు మెరుపును అది ఏమాత్రం చంపలేదు.

రెండో నాణెం చూడగానే ఇంకా అందంగా ఉంది. రెండు వైపులా ఒకేలా ముదురు నీలం, పచ్చ. సంచిలో ఉన్న నాణేనికి రెండు వైపులా ఒకేలా గుడ్డ తగలడం అరుదు. ఇక్కడ అక్షరాల మొదళ్లలో రంగు తగ్గడానికి బదులు గుమిగూడింది, చుక్క ఆరినప్పుడు అంచున మిగిలే మడ్డిలాగా. భూతద్దం కింద సన్నని తుడిచిన గీతలు కనిపించాయి, వాటి లోపల కూడా అదే నీలం. అంటే ముందు ఎవరో నాణేన్ని రుద్ది కడిగారు, రంగు తర్వాత వచ్చింది. మన ఇళ్లలో శ్రావణమాసం వస్తే చింతపండు, విభూతి పెట్టి జార్జి రాజు రూపాయిలను తోమేస్తాం కదా, అలాంటి గీతలే. తోమిన వెండికి బండిచక్రపు మెరుపు మళ్లీ రాదు, ఎన్ని రంగులెక్కినా. దయచేసి పాత రూపాయిలను తోమకండి.

రంగు తెప్పించే దారులు చాలా ఉన్నాయి. పొటాషియం సల్ఫైడ్ ద్రావణంలో ముంచితే నిమిషాల్లో పని అయిపోతుంది. మన కంసాలులు వెండి నగలకు ముదురు రంగు తెప్పించేది కూడా దాదాపు ఇలాగే. దాన్ని ఆక్సిడైజ్డ్ వెండి అంటాం గానీ అందులో ఉన్నది ఆక్సైడ్ కాదు, సల్ఫైడే. కొందరు గంధకం ఉన్న కాగితంలో చుట్టి ఓవెన్‌లో పెడతారు. నెలల తరబడి ఓపిగ్గా, వెచ్చని చోట మెల్లగా చేస్తే రంగుల వరుస కూడా సరిగ్గానే వస్తుంది, ఎందుకంటే పొరా అదే, కాంతీ అదే. అందుకే వరుస తప్పితే అనుమానించాలి, వరుస ఉంటే మాత్రం నమ్మేయకూడదు. నేత గుర్తులు, నెలవంక, మెరుపు, గీతలు అన్నీ కలిపి చూడాలి. అమెరికాలో 1986లో మొదలైన పీసీజీఎస్, 1987లో వచ్చిన ఎన్‌జీసీ లాంటి నాణేల గ్రేడింగ్ సంస్థల నిపుణులు కూడా ఇలాగే కళ్లతో చూసి తేలుస్తారు. నమ్మకం కుదరకపోతే రంగు సందేహాస్పదమని రాసి మామూలు గ్రేడ్ ఇవ్వరు.

ఆయన అనుమతితో రెండో నాణేన్ని స్వచ్ఛమైన అసిటోన్‌లో కాసేపు ఉంచాను, కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా చూసుకుని. వార్నిషో, సిరానో, రంగుల లేపనమో అయితే అసిటోన్‌కు కరిగిపోతుంది. ఏమీ కరగలేదు. ఆయన ముఖం వెలిగింది. "అయితే అసలుదేనా?" అన్నారు. ఈ రంగు వెండిలో నుంచి పుట్టిన సల్ఫైడేనని, దాన్ని అసిటోన్ ముట్టుకోదని, ఎంత వేగంగా పుట్టిందో అది చెప్పలేదని వివరించాను. తర్వాత భూతద్దం ఆయన చేతికిచ్చి, తేదీకి కుడివైపు ఉన్న నక్షత్రం చూడమన్నాను. నక్షత్రం ఒక కొన తెల్లగా ఉంది, దాన్ని ఆనుకునే పచ్చ ఉంది. ఆ రెంటి మధ్య తేనె రంగు కోసం, వంకాయ రంగు కోసం, నీలం కోసం ఆయన చాలాసేపు వెతికారు.