సిపాయిల ఉత్తరాల్లో ఇంటి తిండి: అపోహలు - వాస్తవాలు

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ వెళ్లిన భారత సిపాయిల ఉత్తరాలు చదవడం నా పని. వాటిలో తిండి ప్రస్తావన రాగానే చాలామంది పొరబడుతుంటారు. ఆ ఉత్తరాల మీద ప్రేమ కొద్దీ ఇది రాస్తున్నాను.

అపోహ: ఆకలితో మాడారు కాబట్టే ఇంటి తిండి తలచుకున్నారు.

వాస్తవం: ఫ్రాన్స్‌లో వాళ్లకు గోధుమపిండి, పప్పు, నెయ్యి, బెల్లం, అల్లం, పసుపు, మిరపకాయలు రేషన్‌గా అందేవి. ఇంగ్లండ్‌లో బ్రైటన్ రాజభవనాన్ని గాయపడినవాళ్లకు ఆసుపత్రి చేసినప్పుడు, కులమత పట్టింపులను బట్టి తొమ్మిది వంటశాలలు పెట్టారు. తిండి బాగుందని రాసినవాళ్లూ ఉన్నారు. కడుపు నిండినా ఇంటి మీద బెంగ తీరదు కదా! మెసొపొటేమియా (నేటి ఇరాక్)లోని కూత్ పట్టణం సంగతి వేరు. 1915 డిసెంబరు నుంచి 1916 ఏప్రిల్ దాకా సాగిన టర్కీ సేనల ముట్టడిలో అక్కడివాళ్లు నిజంగానే తిండికి అలమటించారు. గుర్రపు మాంసం పెడితే చాలామంది భారత సైనికులు ముట్టలేదు.

అపోహ: ఉత్తరంలో ఉన్నది సిపాయి మనసులోని మాట యథాతథంగా.

వాస్తవం: చాలామందికి రాయడం రాదు. వాళ్లు చెబుతుంటే చదువు వచ్చిన తోటివాడు రాసేవాడు. తర్వాత సెన్సార్ అధికారులు చూసేవారు. ఊళ్లోనూ ఎవరో ఒకరు నలుగురి మధ్య చదివి వినిపించాలి. అంతమంది చెవిన పడే ఉత్తరంలో భార్య మీద బెంగ ఎలా చెప్పుకుంటాడు? తిండి గురించి అయితే ఎవరి ముందైనా చెప్పొచ్చు. అందుకే ఆ వాక్యాల దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. పైగా మనకు మిగిలినవి ఎక్కువగా సెన్సార్ వాళ్లు ఇంగ్లీషులోకి మార్చి పెట్టుకున్న ముక్కలే.

అపోహ: మిరియాలంటే మిరియాలే.

వాస్తవం: కాదు. నల్ల మిరియాలు అయిపోయాయి, ఇప్పుడు ఎర్రవి వాడుతున్నారు అని రాసేవారు. నల్లవి మనవాళ్లు, ఎర్రవి తెల్ల సైనికులు. మనవాళ్లు ఎంతమంది పోయారో ఊరికి తెలియజేయడానికి వంటింటి సరుకే దారయింది. సెన్సార్ వాళ్లు ఈ గుట్టు కనిపెట్టారు కూడా.

అపోహ: ఇంటి ఆప్యాయత గుర్తు రావాలంటే మన వంటే ఉండాలి.

వాస్తవం: ఫ్రాన్స్‌లో ఒక ముసలావిడ ఇంట్లో బస చేసిన సిపాయి రాసిన ఉత్తరం చూడండి. ఆవిడ కొడుకులు యుద్ధానికి వెళ్లారు. రోజూ పొద్దున్నే ఈ సిపాయికి రొట్టె, వెన్న, పాలు, కాఫీ సిద్ధం చేసేది. సిపాయిలు ఊరు విడిచి వెళ్తుంటే ఏడ్చింది. ఇది చదివిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది.

ఫ్రాన్స్‌లో ఎక్కువమంది పంజాబ్, ఉత్తరాది వాళ్లు. మద్రాసు సాపర్లు (వంతెనలు, కందకాల పనులు చేసే సైనికులు) మెసొపొటేమియాలోనూ పనిచేశారు. మీ ఇంటి ట్రంకుపెట్టెలో ఏ యుద్ధం నాటి ఉత్తరమైనా దొరికితే లామినేషన్ మాత్రం చేయించకండి, కాగితం పాడైపోతుంది. కాపీ రాసుకునేటప్పుడు పచ్చడి, బెల్లం లాంటి మాటలు మామూలేగా అని వదిలేయకుండా ఉన్నదున్నట్టు ఎక్కించండి.