ఒకే యూరియా, వేరే దిగుబడి

ఇద్దరు స్నేహితులు ఒకే రోజున వాకింగ్ మొదలెడతారు. మూడు నెలలకు ఒకరు మూడంతస్తులు ఆగకుండా ఎక్కేస్తారు, రెండోవారు మొదటి అంతస్తులోనే రెయిలింగ్ పట్టుకుంటారు. "నా ఒంటి తత్వమే ఇంతా?" అని వాళ్ల అనుమానం.

వరి మళ్ల వైపు చూద్దాం. గట్టుకు అటొక రకం, ఇటొక రకం నాటి ఒకే మోతాదు యూరియా చల్లితే దిగుబడి ఒకేలా పెరగదు. ఎరువు లేకుండా పండే గుణం వేరు, ఎరువుకు స్పందించే గుణం వేరు. ఒంట్లోనూ అంతే. పుట్టుకతో ఉన్న దమ్ము ఒకటి, సాధనతో పెరిగే దమ్ము ఇంకొకటి.

1990లలో క్లాడ్ బుషార్ అనే శాస్త్రవేత్త బృందం అమెరికా, కెనడాలలో వ్యాయామం అలవాటు లేని తల్లిదండ్రులను, వాళ్ల పిల్లలను వారానికి 3 రోజుల చొప్పున 20 వారాలు సైకిల్ తొక్కించింది. దాని పేరు హెరిటేజ్ అధ్యయనం. గరిష్ఠ ఆక్సిజన్ వినియోగంలో (పూర్తి శక్తితో శ్రమించినప్పుడు ఒళ్లు నిమిషానికి వాడుకోగల ఆక్సిజన్, దమ్ముకు అదే కొలత) 55 శాతం స్థాయిలో 30 నిమిషాలతో మొదలుపెట్టి, 75 శాతం స్థాయిలో 50 నిమిషాల దాకా తీసుకెళ్లారు. ఎవరూ దొంగాట ఆడకుండా, గుండె వేగాన్ని బట్టి పెడల్ బిగువును కంప్యూటరే సర్దేది. యూరియాను తూచి చల్లినట్టే. మరి దిగుబడో? 98 శ్వేతజాతి కుటుంబాలకు చెందిన 481 మందిలో గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం సగటున నిమిషానికి దాదాపు 400 మిల్లీలీటర్లు పెరిగింది. కొందరిలో దాదాపు ఏమీ పెరగలేదు, కొందరిలో పెరుగుదల లీటరు దాటింది. ఎవరు ఎంత పెరుగుతారో మొదటిరోజు కొలత చూసి చెప్పడం కుదరలేదు. ఒకే కుటుంబంలోని తేడా కన్నా కుటుంబాల మధ్య తేడా రెండున్నర రెట్లు. ఈ తేడాల్లో వారసత్వం వాటా గరిష్ఠంగా 47 శాతం. ఈ "గరిష్ఠంగా" అన్న మాటను చాలామంది మింగేస్తారు. ఒకే ఇంటి తిండి, అలవాట్లు కూడా ఆ లెక్కలోనే కలిసి ఉన్నాయి.

వరిలో ఈ తేడాకు ఒక్క జన్యువే చాలు. ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు 1960ల చివర్లో పండించిన ఐఆర్8 అనే పొట్టి వరి రకంలో ఎస్‌డీ1 అనే జన్యువు దెబ్బతిని ఉంటుంది. కాడను పొడిగించే జిబ్బరెల్లిన్ హార్మోన్ తగ్గి కాడ పొట్టిదవుతుంది, ఎక్కువ యూరియా వేసినా పైరు పడిపోదు. మనుషుల్లో దమ్ముకు అలాంటి ఒక్క తాళంచెవి దొరకలేదు. అందరూ చెప్పుకునే ఏసీటీఎన్3 అనే జన్యువునే తీసుకోండి. దాని 577వ స్థానంలో సీజీఏ అన్న డీఎన్‌ఏ అక్షరాలు కాస్తా టీజీఏ అయితే అర్జినిన్ అనే అమైనో ఆమ్లం బదులు "ఆపు" అన్న సంకేతం పడి, వేగ కండర తంతువుల్లో ఆల్ఫా-ఆక్టినిన్-3 ప్రొటీన్ తయారే కాదు. ప్రపంచంలో సుమారు 18 శాతం మంది ఇలాంటివాళ్లే. ఆస్ట్రేలియా మేటి స్ప్రింటర్లలో వీళ్లు అరుదని 2003లో తేలింది. మామూలు మనుషుల్లో దాని ప్రభావం స్వల్పం. అయినా లాలాజలం పంపితే "మీ పిల్లాడు పరుగుకు పుట్టాడు" అని చెప్పే పరీక్షలు అమ్ముడవుతూనే ఉన్నాయి. జాతకచక్రానికి బార్‌కోడ్ అంటించడమే అది! ప్రతిభను గుర్తించడానికి ఇవి పనికిరావని 2015లోనే నిపుణుల బృందం తేల్చింది.

అసలు మెలిక మోతాదులో ఉంది. 2017లో మోంటెరో, లుండ్బీ అనే పరిశోధకులు 78 మందిని అయిదు గుంపులు చేసి, వారానికి 1 నుంచి 5 రోజులు, రోజుకు గంట చొప్పున 6 వారాలు తొక్కించారు. ఒక్కరోజు గుంపులో 69 శాతం మంది స్పందించలేదు. రెండు రోజులైతే 40, మూడైతే 29. నాలుగు, అయిదు రోజుల గుంపుల్లో స్పందించనివాళ్లే లేరు. మిగతా గుంపుల్లో స్పందించనివాళ్లకు వారానికి మరో రెండు రోజులు కలిపి ఇంకో 6 వారాలు చేయిస్తే వాళ్లూ దారికొచ్చారు. రక్తంలో హిమోగ్లోబిన్ మొత్తం పెరగడమే ఇందులో పెద్ద కారణం.

కొలతలోనూ పొరపాటు జరుగుతుంది. ఒక మూల కోసి ఎకరా దిగుబడి కట్టకూడదు కదా! 12 నిమిషాల్లో ఎంత దూరం వెళ్లగలరో రెండు వేర్వేరు రోజుల్లో, ఒకే వేళకు, అవే బూట్లతో కొలిచి సగటు తీయండి. ఆరు వారాల తర్వాత మళ్లీ అలాగే కొలవండి. తేడా లేకపోతే వేగం పెంచడం కాదు, వారానికి ఇంకో రోజు కలపండి. గుండె, రక్తం అలవాటుపడినంత త్వరగా కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువులు అలవాటుపడవు. యూరియాను కూడా ఒకేసారి గుమ్మరించరు, దఫాలుగా చల్లుతారు. నాలుగు గంటల నడకను ఆదివారమే ముగిస్తే మడమ పట్టేసే ముప్పు ఎక్కువ, నాలుగు రోజులకు పంచితే తక్కువ.